అరంగుళం బెండు

మా కొట్టు అటక మీద
నూట పన్నెండు జతల కొయ్యపాదాలు.
పాదిరీగారివి, పశువుల డాక్టరువి,
బతికున్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ
ఒకే దుమ్ము కింద.

కిటికీ పక్కన విడిగా వేలాడేవి
ఆబ్రీ థర్న్‌షావి.
ఏడేళ్ళప్పటివి, పదకొండు, పదహారు, పంతొమ్మిది.
ఆ తర్వాత చెక్కలేదు.

హార్కస్‌డేల్ కొండ మీద
కిటికీలు లెక్కపెట్టేలోగా గుర్రం అలిసిపోయేంత మేడ వాళ్ళది.
మూడు బొగ్గుగనులు, ఒక ఏరు,
ఏట్లో చేపలు కూడా వాళ్ళవే.
ముగ్గురు ఆడపిల్లల తర్వాత వీడు పుట్టిన రోజున
చర్చి గంట కొట్టీ కొట్టీ తాడు తెగిందట.
ఆ ముక్క నా దగ్గరే ఉంది,
తోలుచుట్టలు కట్టుకుంటాను.

కొలతకి నేనే వెళ్ళేవాణ్ణి, వెనక గుమ్మంలోంచి.
కొన్ని సంగతులు వంగినవాడికే తెలుస్తాయి.
ఎడమకాలు అరంగుళం పొట్టి.
దాదికి తెలుసు. నాకు తెలుసు.
తల్లికి తెలుసు గానీ తెలియదు.
ఎర్ల్ గారు కిటికీ వైపు తిరిగి
బయట మంచుతో మాట్లాడుతున్నట్టు అన్నారు:
"క్రాగ్, బూటు లోపల ఏముందో
ఊళ్ళోవాళ్ళకి అనవసరం."
ఒక బంగారు నాణెం బల్ల మీద పెట్టారు.
దాని మీద రాణిగారి మొహం కూడా
పక్కకే తిరిగి ఉంది.

పోర్చుగల్ బెండు, అరంగుళం.
మడమ కింద మందం, వేళ్ళ వైపు పల్చన,
పైన మేకపిల్ల తోలు.
తొడుక్కుని గది ఆ చివరిదాకా నడిచి
"ఇప్పుడు నేను ఎవరిలా నడుస్తున్నాను, జాబెజ్?" అన్నాడు.
"గట్టిగా తొక్కండి దొరా, అదే సర్దుకుంటుంది" అన్నాను.

తప్పించుకుని కొట్టుకి వచ్చేవాడు.
మైనం వాసన పీల్చేవాడు.
నా పెదాల మధ్య మేకులెన్నో లెక్కపెట్టేవాడు.
"మా ఇంట్లో ఏదీ తయారు కాదు,
అన్నీ తయారై వస్తాయి" అన్నాడోసారి.
జేబుల్లో ఎప్పుడూ నాచు.
పదకొండు రకాల నాచుల పేర్లు నాకు వాడే నేర్పాడు,
ఇప్పుడు మూడు గుర్తున్నాయి.

కానీ వాళ్ళ హాల్లో గోడకి ఏడు కత్తులు.
ఎనిమిదో మేకు ముందే కొట్టి ఉంచారు.

పటాలం డాక్టరు
అంతకుముందు రాత్రి మేడలో జింకమాంసం తిన్నవాడు.
ఈ గోడ నించి ఆ గోడకి నడవమన్నాడు.
నా బూట్లతోనే నడిచాడు.
విప్పమని ఆయన అనలేదు.

అని ఉంటే
ఇవాళ నలభై దాటి, బట్టతలతో
ఏ తడిరాయి మీదో బోర్లా పడుకుని
భూతద్దంలోంచి చూస్తుండేవాడు.

సైప్రస్ దీవికి ఓడెక్కించారు.
అక్కడ శత్రువు లేడు.
డేరాలున్నాయి, ఎండ ఉంది, కదలని నీళ్ళున్నాయి.
ఒక్క తుపాకీ పేలలేదు.
చలిజ్వరం పదకొండో రాత్రికి
లెఫ్టినెంట్ థర్న్‌షాకి ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు.
ఆ లెక్క అక్కడే ఆగింది.

పెట్టె తిరిగొచ్చింది.
మెరుగు పెట్టి పంపమని బూట్లు నా దగ్గరకొచ్చాయి.
ఎడమదాంట్లో చెయ్యి పెట్టాను.
బెండు మీద మడమ గుంట.
చెప్పిన మాట విన్నాడు,
గట్టిగానే తొక్కాడు.

చర్చిలో ఇప్పుడు పాలరాతి మనిషి పడుకున్నాడు.
కాళ్ళ దగ్గర కుక్క. వాడెప్పుడూ కుక్కని పెంచలేదు.
ఎవరూ లేనప్పుడు జానతో కొలిచాను.
రెండు కాళ్ళూ సమానం.

పోయిన చలికాలం
గనిలో పనికి కుదిరిన ఆడీ వాళ్ళ కుర్రాడొచ్చాడు.
సరిగ్గా పంతొమ్మిదేళ్ళ జత కొలత.
కొత్త కొయ్య ఖరీదు, పాతవి దింపాను.
కుట్టాను, మడమ కొట్టాను, ఇచ్చాను.
వాడు నాలుగడుగులేసి ఆగాడు.
"ఎడమది ఎత్తుగా ఉందండీ."

చెయ్యి తనంతట తనే పెట్టేసింది.

ఏదో చెప్పబోయాను.
నోటినిండా మేకులు.
వాడు నా మొహంలోకి వంగి
ఒకటి, రెండు, మూడు,
లెక్కపెడుతున్నాడు.